సమాధానం అంటే జవాబేనా?

దేవరకొండలో మా ఫ్రెండ్ వాళ్ళింట్లో ఒక సాయంత్రం ప్రార్థన జరుగుతుంటే వెనకాల కూర్చున్నాను. చివర్లో పాస్టర్ గారు అందరికీ దేవుని సమాధానం కలగాలని దీవించారు. నేను అప్పటికి ఆరు నెలలుగా గ్రీకు నేర్చుకుంటున్నాను, వెన్హామ్ రాసిన పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని, ఆఫీసుకి వెళ్ళే మెట్రోలో. కొత్తగా నేర్చుకున్నవాడికి నోరు ఊరుకోదు కదా. చాయ్ తాగుతూ వాళ్ళ అవ్వతో అన్నాను: "అవ్వా, గ్రీకులో అక్కడున్నది ఐరేనే. అంటే శాంతి. సమాధానం అంటే జవాబు కదా, ఎందుకట్ల రాసిన్రో మరి."

అవ్వ నవ్వింది. "జవాబు దొరికినంకనే గద బిడ్డా మనసు నిమ్మళమయ్యేది" అంది.

అది సరైన భాషాశాస్త్రం కాదని అప్పుడు అనుకున్నాను. తిరుగు బస్సులో ఫోన్లో నిఘంటువులు తిరగేస్తుంటే తప్పు ఎవరిదో అర్థమైంది. "సమాధానపడ్డాడు" అంటాం. వాడు జవాబు చెప్పాడని కాదు, నెమ్మదించాడని. "మనసుకు సమాధానం చెప్పుకోవడం" అంటాం. "వాళ్ళిద్దరినీ సమాధానపరిచారు" అంటే రాజీ చేశారని. వేదాంత గ్రంథాల్లో శమం, దమం మొదలైన ఆరింటిలో సమాధానం ఒకటి, మనసు ఒకచోట కుదురుకోవడం. బైబిల్ అనువాదకులు పొరపాటు పడలేదు. తెలుగులో బతికున్న అర్థాన్నే తీసుకున్నారు. ఆ తర్వాత బడి భాష, ఎగ్జామ్ పేపర్ భాష ఆ మాటను "ప్రశ్న–సమాధానం" అనే జంటలో ఇరికించేశాయి. నేను ఆ బడిలో చదివాను కాబట్టి నాకు ఆ ఒక్క అర్థమే వినబడింది.

మతగ్రంథాలనీ వాటి ప్రాచీన భాషలనీ గురువు లేకుండా, పుస్తకాల సాయంతో చదువుకునేవాళ్ళు మనలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఉద్యోగాలు చేసుకుంటూ, పీడీఎఫ్‌లు పోగేసుకుంటూ. ఆ పుస్తకాలు మనకేం ఇస్తున్నాయి, ఏం దాస్తున్నాయి అన్నదే ఇక్కడ నా గొడవ. (కాళోజీ గారు క్షమించాలి.)

ముందు బైబిల్ వైపు చూద్దాం. ఈ చదువుకి పెద్ద పనిముట్టు జేమ్స్ స్ట్రాంగ్ 1890లో అచ్చువేసిన పదసూచిక. ఇంగ్లీషు బైబిల్లో ప్రతి మాటా ఎక్కడెక్కడ వస్తుందో చూపించి, దాని వెనకున్న హీబ్రూ, గ్రీకు మాటలకు నంబర్లిచ్చాడు. హీబ్రూ షాలోమ్ 7965. గ్రీకు ఐరేనే 1515. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది చూడగానే ప్రాణం లేచొస్తుంది. ప్రతి మాటకీ ఒక ప్రైమరీ కీ! అక్షరమాల రాకపోయినా ఫలానా మాట ఎన్నిచోట్ల వచ్చిందో పట్టుకోవచ్చు. కంప్యూటర్ లేని కాలంలో చేసిన ఆ పనిని తక్కువచేసి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు.

కాకపోతే కీ ఉంటే అర్థం కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. షాలోమ్ ధాతువులో సంపూర్ణత, వెలితి లేకపోవడం అనే భావం ఉందని చదివాను. సమాధానంలో సమ్, ఆ అనే ఉపసర్గలు, ధా ధాతువు, అంటే కలిపి సరిగ్గా పెట్టడం. ఆహా, "శాంతి" కన్నా "సమాధానమే" షాలోమ్‌కి దగ్గర అని డైరీలో రాసుకుని రెండు రోజులు గాల్లో తేలాను. మూడో రోజు జేమ్స్ బార్ 1961లో రాసిన, బైబిల్ భాషలో అర్థాల గురించిన పుస్తకం దొరికింది. మాట అర్థం దాని ధాతువులో దాక్కుని ఉండదు, వాక్యంలో వాడుక చెబుతుంది, ధాతువుల మీద వేదాంతం కట్టేవాళ్ళు ఇసుక మీద కడుతున్నారు, అని ఆయన వాదన సారాంశం. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, "ఉద్యోగం"లో యోగం ఉంది కాబట్టి ఆఫీసుకెళ్ళేవాళ్ళంతా యోగులు అన్నట్టు. నా డైరీలో పేజీ సరిగ్గా అలాంటిదే.

అందుకని వాడుకే చూద్దాం. సమూయేలు రెండో గ్రంథం 11వ అధ్యాయంలో దావీదు రాజు యుద్ధరంగం నుంచి ఊరియాను పిలిపించి అడుగుతాడు. సేనాపతి షాలోమ్ ఎలా ఉంది, జనం షాలోమ్ ఎలా ఉంది, యుద్ధం షాలోమ్ ఎలా ఉంది? యుద్ధానికి షాలోమ్ ఏమిటి! శాంతి అని పెట్టినా, సమాధానం అని పెట్టినా వాక్యం కుప్పకూలుతుంది. అడిగేవాడు అప్పటికే ఊరియా భార్యతో చేసిన తప్పును కప్పిపుచ్చుకునే పనిలో ఉన్నాడు. ఆ దృశ్యంలో ఈ కుశల ప్రశ్న ఎంత దగుల్బాజీగా వినబడుతుందో చూడండి. నంబర్ 7965 దగ్గర మీకిది దొరకదు, వాక్యంలోనే దొరుకుతుంది. ఇక్కడ తెలుగులో సరిగ్గా కుదిరే మాట నాకు తెలిసి ఒక్కటే: యోగక్షేమాలు.

ఆ మాట నన్ను గీత దగ్గరికి తెచ్చింది.

యోగక్షేమం గీత తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఎల్‌ఐసీ చిహ్నం కింద కనిపించేదీ అక్కణ్ణించి తీసుకున్నదే. శంకరుల భాష్యం ప్రకారం అక్కడ యోగం అంటే లేనిది దొరకడం, క్షేమం అంటే దొరికింది నిలబడడం. ఇక రెండో అధ్యాయంలో రెండు శ్లోకాల ఎడంలో గీతే యోగానికి రెండు నిర్వచనాలు ఇస్తుంది. ఒకచోట సమత్వం, ఇంకోచోట కర్మలో నేర్పు. మొదటి అధ్యాయం పేరు విషాదయోగం. ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుంటే, నా దగ్గరున్న ప్రతిపదార్థ గీతలో ఏముందో తెలుసా? "యోగః = యోగము". "ధర్మః = ధర్మము". సున్నా తగిలించి చేతులు దులుపుకున్నారు.

ప్రతిపదార్థం అనే పద్ధతి మీద నాకు చాలా గౌరవం ఉంది, అందుకే ఈ కోపం. 1854లో మొదలైన వావిళ్ళ లాంటి సంస్థలు సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో, తెలుగు టీకలతో అచ్చేసి ఇంటింటికీ చేర్చాయి. నాగరి రానివాడు కూడా మూలం చదవగలిగాడు. విడదీసిన పదం, దాని అర్థం, అన్వయం, చివర తాత్పర్యం. బాగా చేసిన ప్రతిపదార్థం ఒక వ్యాకరణ పాఠం. మన చెయ్యి పట్టుకుని వాక్యంలో నడిపిస్తుంది. కానీ మనలో ఎక్కువమంది చూపు తిన్నగా తాత్పర్యం మీదకి దూకుతుంది. రాసేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు కాబట్టి ప్రతిపదార్థాన్ని మొక్కుబడిగా నింపేస్తారు.

దీనివల్ల జర్మన్ పాఠకుడికి లేని కష్టం ఒకటి తెలుగు పాఠకుడికి ఉంది. వాడికి సంస్కృతం పరాయి భాష, ప్రతి మాటకీ నిఘంటువు చూస్తాడు. మనకి సగం మాటలు చుట్టాల్లా కనిపిస్తాయి. పలకరిస్తే తెలుస్తుంది, వేరే ఊరివాళ్ళని. శిక్ష అంటే మనకు దండన, తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి మాత్రం ఉచ్చారణ చదువుతో మొదలవుతుంది. విచారం అంటే మనకు దిగులు. రమణ మహర్షి ఆత్మవిచారం చేసుకోమన్నది కూర్చుని దిగులుపడమని కాదు. ఉద్యోగపర్వంలో ఎవరికీ ఉద్యోగం రాలేదు. యుద్ధానికి సన్నాహాలు మాత్రమే జరిగాయి. అన్నిటికన్నా విడ్డూరం అభిమానం. గీత 16వ అధ్యాయంలో ఆసురీ సంపద జాబితాలో వాడుక ప్రతుల్లో కనిపించే పాఠం ఇదే (కొన్ని ప్రతుల్లో అతిమానం అని ఉంటుంది). అభిమానం రాక్షస గుణమా అని సినిమా హీరోల అభిమాన సంఘాలు నొచ్చుకోవాల్సిన పని లేదు. అక్కడ దాని అర్థం గర్వం.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. నాకు ఆలస్యంగా తట్టింది ఇంకొకటి. ఈ మాటల పాత అర్థాలు తెలుగులోంచి పోలేదు, పక్క గదిలోకి మారాయి. శిక్ష దండన అయింది గానీ "శిక్షణ" చదువుగానే ఉంది. విచారం దిగులైంది, "విచారణ" మాత్రం ఆరా తీయడంగా మిగిలింది. ఉద్యోగం కొలువుగా మారింది, "ఉద్యుక్తుడు" ఇంకా పనికి పూనుకుంటూనే ఉన్నాడు. అభిమానం ప్రేమగా మారినా "ఆత్మాభిమానం"లో పాత మానం తల ఎత్తుకునే ఉంది. జవాబు అయిపోయిన సమాధానం "సమాధానపడు"లో నెమ్మదిగా కూర్చుని ఉంది. అంటే సంస్కృత నిఘంటువు తెరిచేలోపు ఒకసారి మన ఇంట్లోనే వెతుక్కోవచ్చు. "యోగము = యోగము" అని రాసే టీకాకారుడు చేస్తున్న అసలు నష్టం ఇది. మూలానికి దారి చూపించకపోవడమే కాదు, తెలుగులోనే ఉన్న దారిని మూసేస్తున్నాడు.

ఈ విషయంలో మా పాలమూరు మనిషి ఒకాయన నాకు ఆదర్శం. సురవరం ప్రతాపరెడ్డి. గోలకొండ పత్రిక (1926), గోలకొండ కవుల సంచిక (1934) గురించి అందరూ చెబుతారు. "రామాయణ విశేషాలు" రాసిన సురవరం గురించి తక్కువ చెబుతారు. రామాయణాన్ని దండం పెట్టి పక్కన పెట్టేయకుండా ప్రశ్నలడుగుతూ చదివిన పుస్తకం అది. ఆయన 1953లో పోయారు. బరోడా వాళ్ళ రామాయణ పరిష్కృత ప్రతి 1960లో గానీ రావడం మొదలవలేదు. అంటే ఏ శ్లోకం పాతది, ఏది తర్వాత చేరింది అని తేల్చుకోవడానికి ఇప్పుడు మన చేతిలో ఉన్న పనిముట్టు ఆయన చేతిలో లేదు. దొరికిన అచ్చుప్రతులు, ఆయన చదువు, ఆయన అనుమానం. ఈ అనుమానం మన తెలుగు అనుమానమే, సందేహం. సంస్కృత తర్కంలో అనుమానం అంటే ఆధారాన్ని బట్టి తేల్చడం. సురవరం దగ్గర రెండూ ఉన్నాయి.

"ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో ఆయన పని గుర్తుందా? పాత కావ్యాల్లో ఆటల పేర్లూ తిండి పేర్లూ పట్టుకుని, నిఘంటుకారులు "క్రీడావిశేషం" అని రాసి వదిలేస్తే ఊరుకోకుండా, ఆ ఆట ఎలా ఆడతారో తేల్చడానికి కూర్చుంటాడు. "క్రీడావిశేషం", "యోగము = యోగము" ఒక తాను గుడ్డలే. అయితే సురవరాన్ని చూపించి గురువు అక్కర్లేదు అనడానికి వీల్లేదు. ఆయన కర్నూల్లో వెల్లాల శంకరశాస్త్రి దగ్గర సంస్కృతం చదువుకున్నవాడు. వేదం సంగతైతే మరీనూ. స్వరం పుస్తకంలో గీతలుగా ఉంటుంది, గొంతులో ఉండదు. యూట్యూబ్ కొంత తీరుస్తుంది, మొత్తం తీర్చదు.

మళ్ళీ దేవరకొండ. 1890 ప్రాంతంలో రష్యా నుంచి నల్లగొండకి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, తర్వాత అమెరికా నుంచి వచ్చి దేవరకొండ, వనపర్తి, మహబూబ్‌నగర్‌ల దాకా పనిచేసిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు జర్మన్ బైబిల్ చదువుకుంటూ పెరిగిన సమాజం వాళ్ళు. ఇక్కడ వాళ్ళు చేర్చింది తెలుగు బైబిల్. అందుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలు, అంతకుముందు ఏ గ్రంథమూ ముట్టుకోనివ్వని మనుషులు. ఆ ఇళ్ళల్లో నాలుగైదు తరాలుగా సమాధానం అంటే శాంతి. చావు ఇంట్లో, పెళ్ళిలో, పంచాయితీ తెగాక పలికిన మాట. బార్ చెప్పిన "వాడుక" అంటే ఇదే కదా? ఆయన్ని చదివిన నేనే వెన్హామ్ పట్టుకుని వెళ్ళి అవ్వకి దిద్దుబాటు చెప్పబోయాను.

ఈ మధ్య ఫణిగిరి చూడ్డానికి వెళ్ళాను. ఒకప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట. గుట్ట మీద బౌద్ధారామం, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరం నాటి ధర్మచక్ర స్తంభ శాసనం దొరికిన చోటు. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియం దాకా వెళ్ళొచ్చాయి. ఈ నేల మీద ఒకప్పుడు మతం మాట్లాడిన భాషల్లో ప్రాకృతం ఒకటి. దాని దగ్గరి చుట్టం పాళీ. ధమ్మపదం రెండో అధ్యాయం పేరు అప్పమాదవగ్గం. బుద్ధుడి చివరి మాటల్లో కూడా ఈ అప్పమాదం ఉందని మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. సంస్కృతంలో అప్రమాదం. మన చెవికి "యాక్సిడెంట్ లేకపోవడం" అని వినిపిస్తుంది. పాత అర్థం ఏమరుపాటు లేకపోవడం. గీత 14వ అధ్యాయంలో తమోగుణం పక్కన వచ్చే ప్రమాదమూ ఈ ఏమరుపాటే. ఇక్కడ మాత్రం నా ప్రతిపదార్థ గీత చక్కగా "ఏమరుపాటు" అనే ఇచ్చింది, న్యాయంగా చెప్పాలి.

తిరిగొస్తుంటే విజయవాడ హైవే మీద పసుపు బోర్డు కనిపించింది. ప్రమాదాలు జరుగు స్థలము. కారు రేడియోలో వానల వార్త, అధికారులు అప్రమత్తంగా ఉండాలని కలెక్టర్ ఆదేశం. ఇంటికొచ్చి గీత తీసి, "యోగః = యోగము" ఉన్న చోటల్లా రెండో యోగము మీద పెన్సిల్‌తో గీత కొట్టి పక్కన ఖాళీ వదిలాను. ఇప్పటికి తొమ్మిదో అధ్యాయం దగ్గర ఒకటి నిండింది.