రాత్రి చిత్రమున భయానకరసము

రామగోపాలవర్మ దర్శకత్వమున 1992లో వెలువడిన "రాత్రి" చలనచిత్రమును మరలఁ జూచువారిలోఁ గొందఱు, దాని దృశ్యరీతి పాతబడినదని యొక్కమాటతోఁ ద్రోసివేయుచున్నారు. ఆ తీర్పు విచారణీయము.

భయానకమునకు భరతుఁడు చెప్పిన విభావములలో వికృతధ్వని, భూతదర్శనము, శూన్యగృహప్రవేశము, అరణ్యగమనము మున్నగునవి కలవు. నేఁటి భయచిత్రములు పెక్కులు గణకయంత్రమునఁ గల్పించిన వికృతరూపములతో భూతదర్శనము నొక్కదానినే పట్టుకొని వ్రేలాడుచున్నవి. "రాత్రి" యందో, శూన్యస్థలమే ప్రధానవిభావము. ఆరంభముననే నాయిక మినీ జనశూన్యమైన వీథులలో నొంటిగా నడచును. తేజ నడపిన ఛాయాగ్రహణయంత్రము నేలకు సమీపముగా జాఱుచు ముందుకు సాగును. 1989 నాఁటి "శివ"లోఁ బాత్రల వెంటఁ బరుగిడిన యంత్రమే యిట నాయిక వెంటఁ బిల్లివలె నడచినది. ఆ యంత్రదృష్టియే భూతదృష్టి. భూతము చూచును గాని చూడఁబడదు.

వ్యాకరణమున నదర్శనమునకు లోపమని సంజ్ఞ. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమైన కార్యము నిలుచునని పాణిని మతము. ఇట లోపించినది భూతము. కార్యము రేవతి ముఖమునఁ గానవచ్చును. కంపము, వైవర్ణ్యము, స్వరభేదము, ఈ యనుభావములను ఆమె యతిశయింపకయే చూపినది. మణిశర్మ సంగీతము కొన్నియెడల ముందుగానే హెచ్చరించి భయమునకుఁ జేటు తెచ్చినదనుటయు సత్యమే.

చలనచిత్రశాల యంతయు నాయికకు శూన్యమైపోవు ఘట్టము సర్వోత్తమము. శాలలోఁ గూర్చుండి దానిఁ జూచువాఁడు తన ప్రక్క పీఠమువంకఁ జూడక మానఁడు. సికిందరాబాదున సంగీత్ వంటి పాతశాలలు పోయినవి. గృహమందుఁ జిన్నతెరపైఁ జూచువారికి ఈ ఘట్టపు బలము సగమైనఁ జేరదు. చిత్రము పాతబడెననువారు ఈ భేదమును గణింపవలదా?

కారు క్రిందఁ జచ్చిన పిల్లిని బాతిపెట్టిన పిదప నట్టి పిల్లియే యింటఁ గనఁబడుట మఱియొక మంచి కల్పన. ఇందు రక్తములేదు, కోఱలులేవు, ఇంటిపిల్లి మాత్రమే.

దోషము ఉత్తరభాగమునఁ గలదు. ఓంపురి ధరించిన మంత్రవాదిపాత్ర ప్రవేశించుటతోఁ బూర్వకథ యంతయు వివరింపఁబడును. అంతవఱకు లోపమై యున్నదానికి ఆదేశము విధించినట్లయ్యెను; పేరు, కారణము తెలిసిన భూతమునకుఁ బ్రేక్షకుఁడు మునుపటివలె జంకఁడు. ఓంపురి గంభీరవాచికము ఆ లోటును గొంత కప్పినది గాని పూరింపలేదు.