జేసన్ ప్రమాణము: సంఖ్యల విషయమున ఒక లోపము

ఒక కంప్యూటరు మరొక కంప్యూటరును సమాచారము కోరునప్పుడు, ఆ కోరికయు, దానికి వచ్చు జవాబును సామాన్యముగా అక్షరముల వరుసగానే ప్రయాణించును. కాని ప్రోగ్రామునకు కావలసినవి వట్టి అక్షరములు కావు. సంఖ్యలు, పేర్లు, పట్టికలు మొదలగు అంగములతో కూడిన వస్తువులు. అక్షరములను వస్తువులుగా మార్చు ఈ పని నేడు చాలవరకు 'జేసన్' అను పద్ధతిలో జరుగుచున్నది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారములోనికి తెచ్చిన ఈ పద్ధతికి 2017లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 8259 ప్రమాణ గ్రంథము.

గ్రంథము 16 పుటలు మాత్రమే. వస్తువు, వరుస, మాట, సంఖ్య, నిజము, అబద్ధము, శూన్యము - ఇంతే దీని సామగ్రి. విద్యార్థి ఒక్క పూటలో నేర్వవచ్చును. ఇది మెచ్చదగిన గుణము.

అయితే ఈ క్లుప్తతయే ఒకచోట దోషమైనది. సంఖ్యను ఎట్లు వ్రాయవలెనో ప్రమాణము చెప్పినది. చదువునప్పుడు ఎన్ని అంకెల వరకు కచ్చితముగా నిలుపవలెనో విధింపలేదు. జావాస్క్రిప్ట్ భాషలోని సామాన్య సంఖ్యలలో, 2 యొక్క 53వ ఘాతము, అనగా 9007199254740992 దాటిన బేసి సంఖ్యలకు చోటు లేదు. కనుక 9007199254740993 అని పంపినచో ఆ భాష చివరి అంకెను 2గా గ్రహించును. పైథాన్ భాష ఉన్నదున్నట్లు గ్రహించును. జవాబు ఒక్కటే, అర్థములు రెండు! పైగా తప్పు జరిగినట్లు ఒక్క సూచనయైనను రాదు.

ఒకటి తేడాయే గదా యనరాదు. గ్రహముల దూరమును కొలుచునప్పుడు అది లెక్కకు రాదు. కాని అది ఒక మనుష్యుని గుర్తు సంఖ్య యైనచో, మరొకని కాగితములు తెరచుకొనవచ్చును. 2010లో ట్విటర్ సంస్థ 64 బిట్ల గుర్తు సంఖ్యలకు మారినప్పుడు, ప్రతి సంఖ్యతోపాటు దానినే మాటగా కూడ పంపవలసి వచ్చినది.

ప్రమాణము ఈ అపాయమును ఎరుగనిది కాదు. 53 బిట్ల హద్దులోని పూర్ణాంకములే అందరియొద్దను ఒకే విలువ నిచ్చునని అందే వ్రాసియున్నది. కాని అది హెచ్చరికయే గాని విధి కాదు. దశాంశములను గుండ్రపరచుట తప్పదు. పూర్ణాంకము హద్దు దాటినప్పుడైనను దోషమని ప్రకటింపవలెనని శాసించియుండవలసినది.

అట్టి విధి లేనంతవరకు, లెక్కలకు వాడువానిని సంఖ్యలుగాను, గుర్తించుటకే వాడువానిని మాటలుగాను పంపుట మేలు. హాల్‌టికెట్టు నంబరును ఎవరును రెండుతో హెచ్చవేయరు గదా!