ఏసీ పోయిన వారం

మంగళవారం సాయంత్రం మా స్క్వాష్ కోర్టులో ఏసీ పోయింది. ఆగస్టులో బహ్రెయిన్‌లోని ఈ సిత్రాలో ఏసీ పోవడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊళ్లో ఉన్నవాళ్ల కోసం ఒక్క ముక్క: మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో ఎవరిచేతా పని చేయించకూడదని ప్రభుత్వమే కట్టడి చేసే నెల ఇది. పొద్దు గుంకాక కూడా ఒంటిమీద చొక్కా ఆరదు. "ఇవాళ్టికి మానేద్దామా అంకుల్?" అన్నాడు మా వర్క్‌షాపు కుర్రాడు. పరువుకి పోయి, ఆడదాం పదమన్నాను.

11-4, 11-3, 11-5. గెలిచింది నేను కాదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాట తెలుసు. స్క్వాష్ అంటే కండ కాదు, చెయ్యి. ముందు గోడకి అడుగున 48 సెంటీమీటర్ల ఎత్తున టిన్ ఉంటుంది. దానికి బెత్తెడు పైన బంతిని మెత్తగా తాకించి, గోడవారనే పడుకోబెట్టాలి. దాన్ని డ్రాప్ అంటారు. అది రానివాళ్లు బాదుతారు. "బాదేవాళ్ల" మీద నేనెన్ని వారాలు వెటకారాలు పోయానో లెక్కలేదు. డ్రాప్ తప్ప మీకు ఇంకో ఊసే లేదా అని కిందటి ఏడాది ఒకాయన ఉత్తరం కూడా రాశారు. తణుకు నుంచి వచ్చిన ఈ కుర్రాడు ఆ బాదేవాళ్లకి పెద్దదిక్కు. ఏడాదిగా నా చేతిలో ఓడుతూనే ఉన్నాడు. ఓడిన ప్రతిసారీ నా ఉపన్యాసం కూడా వింటున్నాడు, పాపం.

ఆ చెయ్యి నాకెక్కడిదో చెప్పాలి.

మా నాన్నది కాల్టెక్స్ ఉద్యోగం. బహ్రెయిన్ నూనె అమ్ముకోవడానికి 1936లో రెండు అమెరికన్ కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ అది. అదే 1957లో విశాఖలో రిఫైనరీ పెట్టింది. తర్వాత ప్రభుత్వపరమై 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది గానీ, మా మల్కాపురం వాళ్ల నోట చాలాకాలం కాల్టెక్సే. చిన్నప్పుడు మేడమీంచి చూసిన చిమ్నీ మంటా, ఇప్పుడు సిత్రాలో నా కిటికీలోంచి కనిపించే మంటా ఒక తల్లి పిల్లలే అన్నమాట. ఈ సంగతి ఇంతకుముందు రాశానని గుర్తుంది. మళ్లీ రాశాను, సర్దుకోండి.

నాన్నకి నైట్ షిఫ్టు ఉన్న వారం ఇంట్లో పగలంతా నిశ్శబ్దం. అమ్మ కుక్కర్ కూడా పెట్టేది కాదు. గంజి వార్చే అన్నమే. వేసవి సెలవులు, పదేళ్లవాణ్ని, ఆడుకోవడానికి ఎవరూ లేరు. ఉన్నదల్లా పెరటి గోడ, లబ్బరు బంతి, పరీక్షలకి తీసుకెళ్లే చెక్క అట్ట. ఆ గోడకి అవతలే నాన్న మంచం. మొదటిరోజు గట్టిగా నాలుగు కొట్టేసరికి నాన్న లేచి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిట్టలేదు, కొట్టలేదు. అట్ట తీసుకుని చూసి, నా చేతికే ఇచ్చేసి, "చప్పుడు లేకుండా ఆడుకోరా" అని వెళ్లి పడుకున్నారు.

చప్పుడు లేకుండా గోడకి బంతి కొట్టడం ఎలాగో ఆ వేసవంతా నేర్చుకున్నాను. మణికట్టు బిగించకూడదు. అట్టని చివర్లో కాస్త వెనక్కి లాక్కోవాలి, పచ్చిగుడ్డు పట్టుకున్నట్టు. బంతి గోడని అడిగి వస్తున్నట్టుండాలి. జూన్ వచ్చేసరికి లోపల నాన్న గురక వింటూ వంద దాకా కొట్టేవాణ్ని. నలభై దాటాక ఇక్కడికొచ్చి మొదటిసారి స్క్వాష్ రాకెట్ పట్టినప్పుడు, నా డ్రాప్ చూసి ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. మల్కాపురంలో అన్నాను. అదేదో పెద్ద అకాడమీ అనుకున్నారు.

మళ్లీ మంగళవారానికి వద్దాం. స్క్వాష్ బంతి 24 గ్రాముల రబ్బరు ముద్ద. ఆటగాళ్లు వాడే దానిమీద రెండు పసుపు చుక్కలుంటాయి. చల్లగా ఉంటే ఎగరనే ఎగరదు, అందుకే ఆటకి ముందు కొట్టి కొట్టి వేడెక్కిస్తారు. ఏసీ లేని ఆ గదిలో దాన్ని వేడెక్కించే పనే లేకపోయింది. నేను వేసిన మొదటి డ్రాప్ టిన్‌కి బెత్తెడు పైనే తగిలింది. ఎప్పటిలాగే. కానీ పడుకోలేదు. మోకాలెత్తు లేచి, కొట్టవయ్యా అన్నట్టు గాల్లో నిలబడింది. కుర్రాడు తీరిగ్గా వచ్చి నా పక్కనుంచి వెనక మూలకి బాదాడు.

రెండోదీ అంతే. పదోదీ అంతే.

రెండో గేములో ఒక సంగతి తట్టి సిగ్గేసింది. డ్రాప్ వేశాక నేను అక్కడే నిలబడి దాన్ని చూసుకుంటున్నాను, ముగ్గేసి వెనక్కి తగ్గి మురిసిపోయినట్టు. ఏ దెబ్బ కొట్టినా వెంటనే కోర్టు నడుమనున్న 'టీ' గీతల దగ్గరికి తిరిగి రావాలన్నది ఈ ఆటలో ఓనమాలు. ఏ మూలకైనా అక్కణ్నుంచే అందుతుంది. చల్లటి కోర్టులో నా బంతి చచ్చేది కాబట్టి నాకు తిరిగి రావాల్సిన పనే పడలేదు. పదిహేనేళ్లుగా నా కాళ్లకి ఆ అలవాటే లేదు. కుర్రాడు బాదుతున్నాడని ఎగతాళి చేశానే, బాదిన ప్రతిసారీ వాడు టీ మీదికి వచ్చి నిలబడుతున్నాడు. నేనది ఏడాదిలో ఒక్కసారి కూడా చూడలేదు. బంతినే చూశాను, అదీ నాదే.

పెషావర్‌లో బ్రిటిష్ అధికారుల క్లబ్బు కోర్టులకి పైకప్పు ఉండేది కాదట. బయటికి ఎగిరిపడే బంతులు ఏరి ఇచ్చే పిల్లాడిగా చేరిన హాషిమ్ ఖాన్, దొరలు వెళ్లిపోయాక వట్టికాళ్లతో ఒక్కడే ఆడుకునేవాడు. ముప్పై అయిదు దాటాక, 1951లో బ్రిటిష్ ఓపెన్‌కి మొదటిసారి వెళ్లి గెలిచేశాడు. మొత్తం ఏడుసార్లు గెలిచాడు. ఆయన చేతి గురించి ఈ కాలమ్‌లోనే రెండుసార్లు రాశాను. కాళ్ల గురించి ఒక్క వాక్యం రాయలేదు.

గురువారం ఏసీ బాగుచేశారు. శుక్రవారం తెల్లారే ఒక్కణ్నే కోర్టుకెళ్లి, ఏసీ ఆపమని కేర్‌టేకర్‌ని అడిగాను. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె.

"గింత ఉక్కల బందు చెయ్యమంటవా అన్నా? నిన్ననే గదా చేసిండ్రు."

ఆపించాను. బంతి సంచిలోనే వదిలేశాను. టీ మీద నిలబడి ముందు మూలకి ఉరికి, లేని బంతిని కొట్టి, వెనక్కి టీకి. మళ్లీ వెనక మూలకి, మళ్లీ టీకి. ఆరు చోట్లకి ఆరుసార్లు వెళ్లొచ్చేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. గోడకి చెయ్యానించి తలెత్తితే అద్దం తలుపు అవతల చీపురు పట్టుకుని ఆయన.

"ఏసీ లేదు, బాల్ లేదు. ఏమాడుతున్నవన్నా?"