బిడ్డల వ్యాజ్యెములలో ఋజువు: ఒక తీర్పుపై విమర్శ

తల్లిదండ్రులవలన బిడ్డకు బాధ కలిగినదని యభియోగము వచ్చినపుడు న్యాయాధిపతి యెంత సాక్ష్యమును జూచి నమ్మవలెను? ఇది న్యాయవాదులకు మాత్రమే చెందిన ప్రశ్న యని మనము ప్రక్కకు నెట్టరాదు. స్వల్పమైన ఋజువు చాలునన్నచో నిరపరాధుల యొడినుండి బిడ్డ తొలగింపబడును. మిక్కుటమైన ఋజువు వలయునన్నచో గాయపడిన బిడ్డ మరల నదే యింటికి బోవును.

అమెరికా సంయుక్త రాష్ట్రముల సర్వోన్నత న్యాయస్థానము 1982 మార్చిలో నిచ్చిన తీర్పొకటి యీ ప్రశ్నకు సమాధానము చెప్ప యత్నించినది. బిడ్డల నుపేక్షించిన తల్లిదండ్రుల హక్కులను శాశ్వతముగా రద్దుచేయుటకు సాక్ష్యపు త్రాసు కొంచెము మొగ్గిన చాలునని న్యూయార్కు చట్టము చెప్పుచుండెను. అది చాలదనియు, స్పష్టమును విశ్వాసజనకమునగు సాక్ష్యము వలయుననియు నైదుగురు న్యాయమూర్తులు నిర్ణయించిరి, నలుగురు సమ్మతింపలేదు.

న్యాయమూర్తి బ్లాక్‌మన్ వ్రాసిన యధికసంఖ్యాకుల తీర్పులో మాకు మిక్కిలి నచ్చిన భాగమొకటి కలదు. ఇట్టి వ్యాజ్యెములలో ప్రభుత్వమునకు ధనబలమును నిపుణులును గలరు; ఎదుటివారో తఱచుగా బీదలు, చదువులేనివారు. బీదతనమును నిర్లక్ష్యమని భ్రమించుట సులభము. ఇంట తిండిలేక బిడ్డ పస్తుండుట వేఱు. ఉండియు బెట్టకపోవుట వేఱు. ఈ భేదమును గుర్తించుటకు కొంచెము మొగ్గిన త్రాసు చాలదు.

ఐనను తీర్పున నొక లోపము గలదు. నేరము ఋజువగువఱకు, బంధము పొరపాటున తెగకుండుటయే తల్లిదండ్రులకును బిడ్డకును సమానమైన హితమని యది భావించెను. నిజముగా బాధపడిన బిడ్డ యెడల నీ మాట యెట్లు పొసగును? స్థిరమైన యిల్లు లేని బిడ్డ కెంత కీడో న్యాయమూర్తి రెన్‌క్విస్టు తన భిన్నాభిప్రాయమున జూపెను. ఆ వాదమును మేము కొట్టివేయజాలము.

మా మతమున రెండు ప్రశ్నలను వేఱుచేయవలెను. బిడ్డను కొంతకాలము కాపాడుటకు తక్కువ ఋజువు చాలును. పొరపాటైనచో దుఃఖము కలిగినను దిద్దుకొనవచ్చును. న్యూయార్కునందు నేటికిని ఉపేక్షను గూర్చిన తొలివిచారణకు తక్కువ కొలతయే వర్తించుచున్నది. బంధమును శాశ్వతముగా ద్రెంచుటకు మాత్రము హెచ్చు ఋజువు వలయును. తెగినదానిని మరల ముడివేయుట దుర్లభము.

ఐనను కొలత నొక్కదానిని హెచ్చించిన చాలదు. వైద్యుని పరీక్ష, ఇరుగుపొరుగువారి సాక్ష్యము, భయపెట్టక విన్న బిడ్డ పలుకులు, వీనిని సకాలమున సేకరింపనిచో నుత్తమమైన నియమముగూడ బిడ్డకు శత్రువగును. హెచ్చు ఋజువు కోరు ప్రభుత్వము ఋజువు వెదకు శ్రమనుగూడ హెచ్చుగా బడవలెను.