నర్సు అడిగే తీరులోనే సగం వైద్యం

హెచ్ఐవీకి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడత రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒకప్పుడు రెండు పూటలా మింగాల్సిన మందులు ఇవాళ చాలామందికి రోజుకొక్క గోలీలో ఇమిడిపోయాయి: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. మందు సులువైంది కదా, వైద్యమూ సులువైందనుకుంటాం. నిజామాబాద్ లాంటి జిల్లాలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో నర్సు చేసే పనిని దగ్గరగా గమనిస్తే అలా అనుకోలేం. మందు రాసేది డాక్టరే. ఆ గోలీని జీవితాంతం ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకునేలా మనిషిని నిలబెట్టే నేర్పులో పెద్ద వాటా నర్సుది.

ఇక్కడ ఆ నేర్పు ఒక్క భాషతో సరిపోదు. నిజామాబాద్ పట్టణంలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా బాగా వినిపిస్తుంది. బోధన్ నుంచి సాలూర దాటితే మహారాష్ట్ర; మరాఠీ మాట్లాడేవాళ్లు రోజూ ఇటు వస్తూ పోతూ ఉంటారు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక పని వెతుక్కుంటూ ఊళ్లు మారిన కుటుంబాలున్నాయి. గల్ఫ్‌కు పోయినవాళ్లున్నారు, ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. అందరికీ ఇచ్చే డబ్బా ఒకటే అయినా అందరినీ ఒకేలా అడిగితే కుదరదు.

“రోజూ వేసుకుంటున్నవా?” అంటే ఎవరైనా తలూపుతారు. భయంతోనో మొహమాటంతోనో నిజం దాస్తారు. పని తెలిసిన నర్సు “డబ్బా ఇటియ్యమ్మా, ఎన్ని మిగిలినయో చూద్దాం” అంటుంది. నెలకు 30 గోలీల్లో ఒకటి తప్పితే లెక్క, సరిగా వాడుతున్నట్టు చెప్పుకునే 95 శాతం పైనే ఉంటుంది. రెండు తప్పితే కిందికి దిగుతుంది. ఎక్కువ మిగిలితే ఆమె కోప్పడదు. ఏ రోజు తప్పిందో అడుగుతుంది. పెళ్లికి పోయి చుట్టాల ముందు డబ్బా తీయలేకపోయింది ఒకరు. చెరకు కోతకు పోయిన చోట మందు అయిపోయింది ఇంకొకరికి. ఒకరికి ఇంట్లో నమ్మకమైన మనిషి తోడు కావాలి, ఇంకొకరికి ఊరు కదలకముందే మందు చేతికందాలి. రోజా ఉండే వ్యక్తికి ఇఫ్తార్ తర్వాతి వేళ ఖాయం చేస్తే నెలంతా ఒక్క గోలీ కూడా తప్పదు.

ఇంకా లోతైన నేర్పు ఉంది. గర్భిణికి ఐరన్, కాల్షియం బిళ్లలు కూడా ఇస్తారు. ఖాళీ కడుపున అన్నీ కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. బువ్వ తిని కలిపి వేసుకోవచ్చు. లేదంటే హెచ్ఐవీ గోలీ వాటికంటే రెండు గంటలు ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. అందుకే “ఇంకేం గోలీలు మింగుతున్నవు?” అనే చిన్న ప్రశ్నకు అంత విలువ. గ్యాస్ మందు, సుగర్ మందు, టీబీ మందు, అన్నీ ఆ ప్రశ్నతోనే బయటికొస్తాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ అదనపు డోసు కావాలి కాబట్టి ఆ సంగతి వెంటనే డాక్టరుకు చేరాలి.

వచ్చిన ప్రతిసారీ బరువు చూస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు: ఈ నాలుగూ అడుగుతారు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టీబీ పరీక్షకు పంపాలి. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్‌ను ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి చూస్తారు. మిల్లీలీటరు రక్తంలో అది 1000 కాపీలు దాటినా తొందరపడి మందు మార్చరు. గోలీలు ఎక్కడ తప్పుతున్నాయో పట్టుకుని, సరిచేసి, మళ్లీ పరీక్షిస్తారు. వైరస్ పరీక్షకు కూడా అందనంతగా అణిగి, అలాగే ఉంటే లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు. ఆ సంగతి భార్యాభర్తలకు వాళ్ల సొంత భాషలో చెప్పగలిగితే ఒక సంసారం నిలబడుతుంది.

వీటన్నిటికీ పునాది రహస్యం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం రోగి సమ్మతి లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదంటుంది. రోగి ఊరి మనుషులే కూర్చున్న వరండాలో పేరు ఎలా పిలవాలి, ఎంత గొంతుతో మాట్లాడాలి అన్న మెలకువ మాత్రం చట్టం నేర్పేది కాదు, నర్సుకు అలవడింది.

దక్షిణాఫ్రికా ఫ్రీ స్టేట్‌లో శిక్షణ పొందిన నర్సులకే హెచ్ఐవీ మందులు రాసే బాధ్యత అప్పగించి చూశారు. రోగుల ఆరోగ్యం డాక్టర్లు చూసినప్పటికంటే తగ్గలేదని 2012లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. నర్సును నమ్మి బాధ్యత ఇస్తే ఏమవుతుందో అక్కడ తేలింది. మన దగ్గర ముందు వాళ్లకు సరిపడా సిబ్బందినివ్వాలి, ఉర్దూ, మరాఠీల్లో మాట్లాడే తర్ఫీదునివ్వాలి, రోగితో ఏకాంతంగా కూర్చునే గదినివ్వాలి. పాఠకులకు ఒక మాట: మీకు తెలిసినవాళ్లెవరైనా ఆ కేంద్రం మెట్లెక్కుతూ కనబడితే ఆరా తీయకండి. సందేహం మీకే ఉంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం.