వంపు విప్పుకున్న క్షణం

ఆ పరుగును ఒక్కసారి చప్పుడు లేకుండా చూడండి. వ్యాఖ్యాత గొంతూ వద్దు, జనఘోషా వద్దు. 2018 జులై 12, ఫిన్లండ్‌లోని టాంపెరె. అండర్-20 ప్రపంచ పోటీల్లో అమ్మాయిల 400 మీటర్ల ఫైనల్. నాలుగో లేన్లో పద్దెనిమిదేళ్ల అస్సాం పిల్ల, హిమా దాస్. ముప్ఫై అయిదో సెకను దాకా మొదటి ముగ్గురిలో లేదు. తొందరా లేదు. తారషడ్జం ఎక్కడుందో తెలిసీ అటు చూడకుండా, కింది స్వరాల్లోనే తిరుగాడే గాయకుడి నిబ్బరం అది.

అంతలో వంపు విప్పుకుంది. ముందు రొమేనియా అమ్మాయి ఆండ్రియా మిక్లోష్, ఆపైన తిన్నని దారి. ఈ పందెం చివర ఎవరి వేగమూ పెరగదని, తక్కువ తగ్గినవాళ్లే గెలుస్తారని తెలిసినవాళ్లు చెప్తారు. లెక్క అదే, ఒప్పుకున్నాను. కన్ను ఒప్పుకోదే! ఒళ్లు రాయైపోయే ఆ చోట, ఊపిరి నిప్పయ్యే ఆ చోట, ఆమె పాదం అప్పుడే నిద్రలేచినట్టు సాగింది. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది, ఆఖరికి మిక్లోష్‌నూ దాటేసింది. 51.46! ప్రపంచస్థాయి ట్రాక్ పందెంలో భారతదేశానికి తొలి స్వర్ణం. తర్వాత జాతీయగీతం, చెంపల మీద నీళ్లు. ఎన్నిసార్లు చూసినా నా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఆ తేలికదనం ఎక్కడిది? నగావ్ జిల్లా ఢింగ్ దగ్గర రైతుబిడ్డ. పొలాల్లో మగపిల్లలతో ఫుట్‌బాల్ ఆడిన కాళ్లు. దమ్ము చేసిన మడిలో నడిచినవాళ్లకు తెలుసు, దిగబడేలోపే అడుగు తీసేయాలి. నా ఊహే కావచ్చు గానీ, ఆ అడుగులో నాకు ఇప్పటికీ తడిమన్ను వాసన తగులుతుంది. మామూలు బూట్ల మీద అడిడాస్ అని తన చేత్తో రాసుకుని పరుగెత్తానని ఆమే చెప్పుకుంది. తర్వాత ఆ కంపెనీయే ఆమె పేరు అచ్చువేసి బూట్లు చేసిచ్చింది. కథలో రాస్తే అతిశయోక్తి అనేవాళ్లం!

నెలన్నర తిరక్కుండా జకార్తా ఆసియా క్రీడలు. 50.79, జాతీయ రికార్డు. బహ్రెయిన్ సల్వా నాసర్ వెనక రజతం. గడియారం జకార్తాకే ఓటు వేస్తుంది. నేను మాత్రం టాంపెరెను వదులుకోను. జకార్తా పరుగు పక్వఫలం. టాంపెరెది పూత, దాన్ని తాకిన మొదటి గాలి.

ఆ మరుసటి ఏడాదే నడుంనొప్పి పట్టుకుంది. తర్వాత ఆమె వందకు, రెండు వందలకు మళ్లింది. ఒక్క చుట్టు పందెంలో ఆమె వసంతం అంత కురచ. ఇంకా కొన్నేళ్లు ఉండాల్సిందని నాకూ ఉంది, రసికుడికి ఆశెక్కువ.

రండి, మళ్లీ వెనక్కి తిప్పుదాం. అదుగో నాలుగో లేన్. ఇంకా వెనకే ఉంది. వంపు అయిపోవస్తోంది. రెప్ప వేయకండి... ఇప్పుడు!