'బాహుబలి'కి స్వర్ణకమలం: ఏ విలువలకు పట్టం?

2015 సంవత్సరపు ఉత్తమ కథాచిత్రంగా 'బాహుబలి – ది బిగినింగ్' ఎంపికైనట్లు 2016 మార్చిలో ప్రకటించారు. 1953 నాటి చిత్రాలతో మొదలైన జాతీయ బహుమతుల చరిత్రలో ఒక తెలుగు చిత్రం ఈ అగ్రస్థానానికి చేరడం అదే మొదటిసారి. తెలుగువాళ్లంతా గర్వపడవలసిన సందర్భమని పత్రికలు రాశాయి. గర్వపడే ముందు, మనం దేనికి పట్టం కట్టామో విచారించడం విమర్శ బాధ్యత. ఈ చిత్రం అగ్రబహుమతికి అర్హం కాదని నా అభిప్రాయం. ఆ సంగతి వివరించడానికే ఈ వ్యాసం.

ముందుగా చిత్రానికి దక్కవలసింది దక్కనిద్దాం. రాజమౌళికి దృశ్యాన్ని కట్టడం తెలుసు. సాబు సిరిల్ కళాదర్శకత్వం, సెంథిల్ కుమార్ ఛాయాగ్రహణం, శ్రీనివాస మోహన్ నిర్వహించిన దృశ్యమాయలు తెలుగు సాంకేతిక నైపుణ్యాన్ని ఒక మెట్టు పైకి తీసుకువెళ్లాయి. దృశ్యమాయలకు వేరే బహుమతి ఉంది. ఈ చిత్రానికే వచ్చింది. ప్రజాదరణ పొందిన వినోదచిత్రానికీ వేరే బహుమతి ఉంది. ఆ ఏడు 'బజరంగీ భాయీజాన్'కు ఇచ్చారు. ఇవి రెండూ పోగా మిగిలేది ఉత్తమ చిత్రం. సాంకేతిక ప్రతిభతోపాటు కళావిలువ, సామాజిక ప్రయోజనం ఉన్న చిత్రాలను ప్రోత్సహించడం తమ ఆశయమని ఈ బహుమతుల నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి రూపాన్ని మెచ్చుకుని ఊరుకుంటే చాలదు, వస్తువును కూడా తూచాలి.

వస్తువు ఏమిటి? జలపాతం కింద గూడెంలో పెరిగిన శివుడు కొండ ఎక్కుతాడు. అతని బలానికీ సాహసానికీ కారణం వెతికితే చివరకు దొరికేది రాజరక్తం. మాహిష్మతిలో కొరడాల కింద తాళ్లు లాగి భల్లాలదేవుని స్వర్ణవిగ్రహాన్ని నిలబెట్టే కూలీలను చూడండి. ఆ శ్రామికులలో ఒక్కరికీ పేరు లేదు, మాట లేదు. శివుని ముఖం కనబడగానే 'బాహుబలి' అని ఘోషిస్తారు. వాళ్లకు తోచిన విముక్తి చెడ్డరాజు పోయి మంచిరాజు రావడమే.

కట్టప్ప సంగతి ఇంకా ముఖ్యం. తాతముత్తాతల మాటకు కట్టుబడి సింహాసనానికి బానిసగా బతుకుతున్నాడు. విడిపిస్తానని అస్లాంఖాన్ ముందుకొస్తే వద్దంటాడు. శివుణ్ణి గుర్తుపట్టిన క్షణాన అతని పాదాన్ని నెత్తిన పెట్టుకుంటాడు. ఆ దాస్యాన్ని చిత్రం ప్రశ్నించదు; నేపథ్యసంగీతంతో మహోన్నతం చేస్తుంది. బి. నరసింగరావు 1988లో తీసిన 'దాసి' కూడా బానిసత్వం గురించే. తెలంగాణ గడీలో దొర కిందా దొరసాని కిందా నలిగే కమలాక్షికి తన కడుపులోని బిడ్డమీద కూడా హక్కు లేదు. అక్కడ బానిసత్వం అవమానం, ఇక్కడ అలంకారం. 'దాసి'కి అయిదు జాతీయ బహుమతులు వచ్చాయి గాని స్వర్ణకమలం రాలేదు. ఆ ఏడు అది షాజీ కరుణ్ 'పిరవి'కి దక్కింది. అందులో అన్యాయం లేదు. అది కూడా గొప్ప చిత్రమే.

స్త్రీ విషయానికి వద్దాం. అవంతిక కత్తి పట్టిన యోధురాలు. దేవసేనను విడిపించడం ఆమె లక్ష్యం. శివుడు ఆమెతో తలపడుతూనే ఆమె కవచదుస్తులు తొలగించి, జుట్టు విప్పి, కాటుక పెట్టి, నీటిలో ఆమె ముఖాన్ని ఆమెకే చూపిస్తాడు. ఆమె ప్రేమలో పడుతుంది. ఆ తరువాత ఆమె లక్ష్యం అతని లక్ష్యమైపోతుంది, ఆమె కథలోంచి దాదాపు తప్పుకుంటుంది. ఇక కాలకేయులు నల్లగా, జుగుప్స కలిగించేలా, ఎవరికీ అర్థంకాని భాషలో అరుస్తారు. శత్రువును మనిషి కాకుండా చేస్తే చంపడం పండుగవుతుంది.

ఇది జానపదం, ఇందులో ఇవన్నీ వెతకడమేమిటని కొందరు మిత్రులు అంటారు. 1951 నాటి 'పాతాళభైరవి' కూడా జానపదమే. అందులో రాజకుమారిని గెలిచిన తోటరాముడు తోటమాలి కొడుకు; చివరిదాకా తోటమాలి కొడుకే. అతనికి ఏ రాజవంశాన్నీ అంటగట్టవలసిన అవసరం కె.వి. రెడ్డికి కలగలేదు. కాబట్టి తప్పు జానపదానిది కాదు, దృక్పథానిది.

పైగా ఇది సగం కథ. కట్టప్ప బాహుబలిని చంపాడన్నచోట ఆగిపోతుంది. ఎందుకు చంపాడో తెలియడానికి ప్రేక్షకుడు 2017 ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది. నవల మొదటి సంపుటం మాత్రమే చదివి దానికి సాహిత్య బహుమతి ఇస్తామా?

అదే ఏడు పోటీలో వెట్రిమారన్ 'విసారణై' ఉంది. పొట్టకూటికి గుంటూరు వచ్చిన తమిళ కూలీలను చేయని దొంగతనం ఒప్పుకొమ్మని పోలీసులు చితకబాదే కథ. స్వయంగా ఆ బాధలుపడిన చంద్రకుమార్ రాసిన 'లాకప్' దానికి ఆధారం. ఆ చిత్రానికి ఉత్తమ తమిళ చిత్రం, సహాయనటుడు, కూర్పు బహుమతులు ఇచ్చి సరిపెట్టారు. మన గడ్డమీద జరిగిన అన్యాయాన్ని పొరుగుభాషవాడు తెరకెక్కిస్తే దానిని పక్కనపెట్టి, ఎక్కడా లేని మాహిష్మతిని మన కీర్తిగా ఊరేగించుకున్నాం. రమేష్ సిప్పీ అధ్యక్షతన కూర్చున్న న్యాయనిర్ణేతలు ఆర్భాటానికి ఓటు వేశారనే నేను భావిస్తున్నాను.

ఎట్లాగైతేనేం తెలుగుకు వచ్చింది కదా అనేవారికి ఒక మాట. 1970లో స్వర్ణకమలం గెలిచిన 'సంస్కార' కన్నడ చిత్రమే గాని, దానిని తీసినవాడు మన నెల్లూరు జిల్లా కవి, 'ఫిడేలు రాగాల డజన్' రాసిన పఠాభి. అనంతమూర్తి నవలను తీసుకుని, అగ్రహారపు కుళ్లును సూటిగా చూపినందుకు మద్రాసు సెన్సారువారు మొదట ఆ చిత్రాన్ని నిషేధించారు. తక్కువ డబ్బుతో, కొత్తవాళ్లతో తీసిన చిత్రమది. అగ్రబహుమతికి అర్హత అంటే ఏమిటో ఒక తెలుగువాడు ఏనాడో చూపించాడు.

బహుమతి ఎప్పుడూ తరువాత తీయబోయేవారికి ఇచ్చే సలహాయే. సొంత ఊళ్లో చూసిన బతుకును, చేతనైన డబ్బుతో సినిమాగా తీయాలనుకునే తెలుగు యువకుడికీ యువతికీ 2016లో మనమిచ్చిన సలహా ఏమిటి? కోట్లు సంపాదించి కోటలు కట్టమన్నాం. ఆ సలహాను రచయితలమైనా ఒప్పుకోకూడదు.